కొంగున ఇరవైమూడు చింతపిక్కలు

నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక. లెక్క మాత్రం చిన్నప్పటి నుంచీ వచ్చు. ఎన్ని కట్టల నారు పంచారో, ఎంత చేను మిగిలిందో తెలియకుండా నాట్లు వెయ్యలేం.

మా అమ్మ ఇంకో లెక్క కూడా నేర్పింది. నెలసరి అయి తలకి పోసుకున్నాక, వచ్చే ఆదివారం నుంచి వారానికొక చింతపిక్క డబ్బాలో వెయ్యాలి. మళ్ళీ తలకి పోసుకుంటే డబ్బా ఖాళీ చేసి మొదటికి రావాలి. పిక్కలు పెరుగుతూ పోతే కడుపు నిలిచినట్టు. ఎన్నాళ్ళు వంగి నాటొచ్చో, ఎప్పుడు మానెయ్యాలో ఆ పిక్కలే చెప్పేవి. నందివాడ పక్కన మా పేటలో చాలామంది ఆడవాళ్ళకు అదే క్యాలెండరు. ఆదివారం ప్రార్థనకి చర్చి గుడి గంట వినగానే ఒక పిక్క పడేది.

ఆ ఏడాది మా ఆయన కార్తీకంలో ఉయ్యూరు వెళ్ళాడు, చెరకు ఆడే రోజుల్లో పనికి. క్రిస్మస్‌కి కూడా రాలేదు. ఈస్టరుకు వచ్చాడు. ఆ నెలలన్నీ మా అత్త దివిసీమలో కూతురి పురుడు దగ్గర ఉంది. ఇంట్లో నేనొక్కదాన్నే. ఈస్టరు తరవాతి వారం తలకి పోసుకున్నాను. అదే ఆఖరు.

ఐదో నెల నిండేసరికి నా పొట్ట చూసినవాళ్ళు పురుడెప్పుడని అడగడం మొదలుపెట్టారు. మా అత్తకి అనుమానం వచ్చింది. పైకి అనలేదు గానీ నా వెనకాల వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టడం చూశాను. చివరికి బందరు ఆస్పత్రికి తీసుకెళ్తానంది. నేను సరేనన్నాను. డబ్బాలో పిక్కలన్నీ కొంగున ముడేసుకుని గుడివాడలో రైలెక్కాను.

ఆస్పత్రిలో ముందు నర్సు చూసింది. బొడ్డు మీదికి వేళ్ళతో కొలిచి, నన్నేమీ అడక్కుండానే చీటీ మీద రాసేసింది.

"ఎనిమిదో నెలండీ. ఇన్నాళ్ళూ ఏం చేశారు?"

మా అత్త మొహం మాడిపోయింది. బల్ల మీద నా పక్కనుంచి లేచి, వెళ్ళి ఆ చివర కూర్చుంది.

"ఎనిమిది నెలల కిందట నా కొడుకెక్కడున్నాడో నీకు తెలుసు, నాకు తెలుసు" అంది, నా వైపు చూడకుండా.

"తెలుసు గాబట్టే చెప్తున్నానత్తా. ఇది ఆరో నెల."

"నీ పొట్ట అలా చెప్పట్లేదే!"

ఆ చీటీ అలాగే ఇంటికొస్తే ఏమవుతుందో నాకు తెలుసు. చదవగలిగినవాళ్ళు పేటలో ఇద్దరే ఉన్నా, సాయంత్రానికి ఊరంతా చదివినట్టే. మా ఆయన నమ్మినా నమ్మకపోయినా తల ఎత్తుకుని తిరగలేడు. భయం వెయ్యలేదంటే అబద్ధం. కానీ నా లెక్క తప్పయితే కదా నేను తల దించుకోవడానికి!

లోపల డాక్టరమ్మగారు నెలలడిగింది. మాటల్లో చెప్పలేదు. కొంగు ముడి విప్పి, బల్ల మీద పిక్కలు పోశాను. ఎలా వేశానో చెప్పాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని ఒక్కొక్కటీ పక్కకి జరిపింది.

"ఇరవైమూడు. మేమూ నెలసరి నుంచే లెక్కపెడతామమ్మా. మీ అమ్మ మా కాలేజీలో చదివిందా ఏంటి?"

"మా అమ్మ నాట్లేసేదండీ."

"మరి పొట్టెందుకిలా ఉంది?"

"అది మీరు చెప్పాలండీ. లెక్క నాది, పొట్ట మీది."

ఆవిడ నవ్వి, చెక్క గొట్టం పొట్ట మీద ఆనించి వినసాగింది. ఒకచోట విని తలూపింది. ఇంకోచోట విని నవ్వడం మానేసింది. చేతులతో అటూ ఇటూ తడిమి చూసింది. "కవలలు కావచ్చు. అయినా నాకు ఒక తల ఎక్కువ తగుల్తోంది" అని ఎక్స్‌రేకి పంపింది.

మధ్యాహ్నం ఆ నల్ల ఫిల్ము కిటికీకి అడ్డంగా పట్టుకుని మా అత్తని కూడా లోపలికి పిలిచింది. పొగలో గీసినట్టు మూడు తలలు, మూడు వెన్నుపూసలు. రెండు ఇటు, ఒకటి అటు.

"ముగ్గురమ్మా. అందుకే అంత పొట్ట. నెలలు మీ కోడలు చెప్పినవే సరి." నా ముందే చీటీ మీద ఎనిమిది కొట్టేసింది. ఇక పొలం వైపు వెళ్ళొద్దనీ, పడుకునే ఉండాలనీ, నెల తిరక్కుండా మళ్ళీ రావాలనీ, పురుడు ఇక్కడేననీ మా అత్తకి గట్టిగా చెప్పింది.

మా అత్త క్షమించమనలేదు. ఆ తరంలో అత్తలకి ఆ మాట రాదు. కానీ తిరుగు రైల్లో పక్కనే కూర్చుని, తన బొంత మడిచి నా నడుం వెనక పెట్టింది. ఎదురు బల్ల మీద ఒకావిడ "నెలలు నిండినట్టున్నాయే" అనగానే ఇంతెత్తున లేచింది.

"ఆరో నెలండీ! ముగ్గురు! ఫోటోలో చూసొచ్చాం. మా కోడలి లెక్క డాక్టరమ్మే ఒప్పుకుంది, మీకేం తెలుసు?"

ముగ్గురూ నెల ముందే పుట్టారు, ముగ్గురూ బతికారు. వాళ్ళలో పెద్దదే నాకు అక్షరాలు దిద్దించింది. ఆ చీటీ ఇప్పటికీ నా బైబిల్లో ఉంది. కొట్టేసిన ఎనిమిది ఇప్పుడు చదవగలను. చదవాల్సిన అవసరం మాత్రం అప్పుడూ లేదు.

బందరు నుంచి వచ్చాక మొదటి ఆదివారం, గుడి గంట కొట్టగానే నేను మంచం దిగబోతుంటే మా అత్త ఆపింది. తనే వంటింట్లోకి వెళ్ళి గుప్పిట మూసుకుని వచ్చి, డబ్బా మూత తీసింది. గుప్పిట్లో మూడు పిక్కలున్నాయి.

"అవి వారాలత్తా, పిల్లలు కాదు. ఒకటి చాలు."

"తెలుసులేవే" అని, ఒకటే వేసి మూత పెట్టింది.