ఫెన్యా పిన్ని కట్టిన మూత

మా స్కీ కొండని కొనుక్కున్న కంపెనీ వాళ్ళు కిందటేడు అచ్చేసిన పటం ఇంకా నా దగ్గరుంది. నున్నటి కాగితం, మడత పెడితే జేబులో పడుతుంది. అందులో గ్రేబ్యాక్ కొండకి ఉత్తరం వైపు ఒక చుక్కల గీత, దాని పక్కన బంగారు రంగు నక్షత్రం. నక్షత్రం కింద రెండు ముక్కలు రాశారు: 'ఎవరికీ తెలియని దారి. మా నిపుణులు కనిపెట్టినది.' చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోతుంది. ఆ పటాలు అట్టపెట్టెల్లో వచ్చి దిగిన రోజు, ఆ దారి వేసిన మనిషి అదే కొండ కింద వంటింట్లో బీట్‌రూట్ తరుగుతోంది. ఆమెని ఒక్క మాట అడిగిన నాథుడు లేడు.

ఆమె పేరు ఫెన్యా కాల్మకోఫ్. అప్పటికి అరవై ఒక్కేళ్ళు. వాళ్ళ ముత్తాతలు రష్యా నుంచి వచ్చి ఈ లోయలో పళ్ళతోటలు వేసినవాళ్ళు. ఇంట్లో మాంసం వండరు, చేత్తో తుపాకి ముట్టరు, బోర్ష్‌లో మీగడ తక్కువైతే మాత్రం ఊరుకోరు. ఆ బీట్‌రూట్ సూపు వండటానికే ఆమెని ఇరవై ఎనిమిదేళ్ళ కిందట కొండ కింద క్యాంటీన్లో పెట్టుకున్నారు. ఊళ్ళో చిన్నాపెద్దా అందరికీ ఆమె పిన్నే. నాకూ పిన్నే. నేను అదే కొండ మీద ఇరవై రెండేళ్ళు కాపలా పని చేశాను. మంచు చరియలు జారిపడే భయం ఉన్నచోట తాళ్ళు కట్టడం, కాలు విరిగినవాళ్ళని బల్లమీద పడుకోబెట్టి కిందికి దించడం, అలాంటివి.

పిన్ని ముప్ఫై ఏళ్ళు వచ్చేదాకా మంచు మీద జారే స్కీలు తొడగలేదు. తొడిగాక ఇక వదల్లేదు. మధ్యాహ్నం రెండున్నరకి భోజనాల రద్దీ తగ్గేది. వెంటనే ఆప్రాన్ మేకుకి తగిలించి, కుర్చీ లిఫ్టెక్కి పైకి పోయేది. రోజుకి ఒక్కసారే దిగేది, అదీ ఎవరికీ కనపడకుండా ఉత్తరం వైపు నుంచి. మూడున్నరకల్లా జుట్టులో మంచుతో వంటింట్లోకి వచ్చి గిన్నెలు తోమించేది. కలపకోత మిల్లులో పనిచేసే ఆమె మొగుడు నిక్ ఉక్రోషంగా అనేవాడట, నీకు మొగుడు నేనా ఆ కొండా అని. కొండ అయితే గురక పెట్టదు అందట ఈవిడ. నిక్ పోయాక ఆ ఒక్క దిగుడే ఆమెకి మిగిలింది. జలుబు చేసినా, మోకాలు వాచినా మానేది కాదు. అది లేని రోజు ఆమెకి రోజు కిందే లెక్క కాదు.

ఆ దారి కొండ ఇచ్చింది కాదు. పిన్నీ, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళూ చేత్తో రంపాలు పట్టుకుని చేసుకున్నది. ఆ వైపంతా దట్టమైన ఫర్ చెట్లు, వాటి కింద ఆల్డర్ పొదలు. ఆల్డర్ ఎంత మొండిదంటే, ఒక్క వేసవి వదిలేస్తే నడుమెత్తు లేస్తుంది. అందుకని ప్రతి సెప్టెంబరులో, మంచు పడకముందే, పైకి నడిచి వెళ్ళి కొట్టాలి. పైన మొదటి వంద అడుగులు మాత్రం ఎవరూ కొట్టరు, బయటివాళ్ళకి సందు కనపడకూడదని. మా కొండ మీద ఇలాంటి దారులు నాలుగైదున్నాయి. అన్నిటికీ కట్టుబాటు ఒకటే. ఒక్క సెప్టెంబరైనా రంపం పట్టనివాళ్ళకి దారి చూపించకూడదు. నాకు పిన్ని ఎప్పుడూ చూపించలేదు. సెప్టెంబరు రాగానే నాకు ఏదో ఒక అర్జంటు పని పడేది మరి. తప్పు ఆమెది కాదు.

ఆ దారి సగం దిగాక నలభై అడుగుల నిలువు బండ ఉంది. పైనుంచి వచ్చేవాళ్ళకి అది కనపడదు. మంచు అంచు దాకా నున్నగా ఉంటుంది, తర్వాత ఏమీ ఉండదు. మొదటి ఏడాదే ముగ్గురిలో ఒకామె స్కీల కొసలు గాల్లో తేలేదాకా వెళ్ళి ఆగింది. మర్నాడు పిన్ని తన పెద్ద బోర్ష్ గిన్నె మూత సంచిలో వేసుకుని పైకి తీసుకెళ్ళింది. తెల్లటి ఎనామెల్ మూత, నీలం అంచు, వాళ్ళమ్మ నాటిది. బండకి ముప్ఫై అంగల పైన, రెండుగా చీలిన లార్చ్ చెట్టుకి తీగతో కట్టింది. మూత కనపడితే ఎడమకి తిరగాలి. అంతే గుర్తు. ఆ రోజు నుంచి ఆమె గిన్నె మీద పళ్ళెమే బోర్లించేది. దారికి కూడా మూతదారి అనే పేరు పడిపోయింది.

పాత రోజుల్లో కొండ ఊరివాళ్ళ క్లబ్బు చేతిలో ఉండేది. చెట్లు కొట్టడం చట్టానికి విరుద్ధమని వాళ్ళకీ తెలుసు, చూసీ చూడనట్టు ఊరుకునేవాళ్ళు. ఆరేళ్ళ కిందట కంపెనీ కొనుక్కుంది. ట్రెవర్ లాంగ్‌మ్యూర్ అనే మేనేజరు వచ్చాడు. చెడ్డవాడు కాదు, ఎవరు ఏం చెప్పినా తల ఊపుతాడు, తల ఊపడంతోనే విన్నట్టు అనుకుంటాడు. రెండు నల్ల వజ్రాల గుర్తున్న కష్టమైన దారులు కూడా విసుగెత్తిన గట్టి స్కీయర్ల కోసం రహస్య దారులు చూపిస్తామని కంపెనీ ఒక పథకం పెట్టింది. రహస్యాలు వీళ్ళ దగ్గర ఏమున్నాయి? మంచు కరిగిన కొత్తలో గాల్లో ఎగిరే కెమెరా ఒకటి పంపి ఫోటోలు తీయించారు. అడవిలో సన్నటి చార కనపడింది. తేరగా దొరికింది కదా అని గీత గీసి, నక్షత్రం పెట్టి అచ్చుకిచ్చేశారు.

అదే కెమెరా సెప్టెంబరులో ఇంకో ఫోటో కూడా తీసింది. అందులో పిన్ని రంపం పట్టుకుని ఉంది.

అనుమతి లేకుండా అడవి నరికినందుకు మూడేళ్ళ పాటు ఆమె లిఫ్టు పాసు రద్దు. వంట మాత్రం చేసుకోవచ్చు, కొండ ఎక్కకూడదు. ఆమె నరికిన దారిని అమ్ముకుంటూ, నరికినందుకు ఆమెకే శిక్ష వేశారు. ఇందులో ఏదో తేడాగా ఉందని ఆ ఆఫీసులో ఒక్కడికీ తోచలేదు. ఆ పాసు తీసుకుని అక్కడే కత్తిరించే పని కాపలావాళ్ళది. అంటే నాది. నేను చెయ్యనని అనలేదు. ఆ సంగతి ఇక్కడ రాయకపోతే నాకు కంపెనీని తిట్టే హక్కు లేదు.

నేను వెళ్ళేసరికి పిన్ని క్యాబేజీ తరుగుతోంది.

"ఏంట్రా, ఇంత పొద్దున్నే ఆకలా?" అంది.

చెప్పాను. చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, మెళ్ళో పాసు తీసి బల్ల మీద పెట్టింది.

"కింద నిలబడి పైకి చూడొచ్చా, దానికీ కాగితం తెచ్చావా?"

"నన్నేం చెయ్యమంటావు పిన్నీ."

"కత్తిరించమంటాను. నా కత్తెర తీసుకో, ఆ మేకుకుంది. నీదానికి పదునుండదు."

కత్తిరించాను. ఆమె ముక్కల వంక చూడలేదు. పటం తెమ్మని, కళ్ళజోడు పెట్టుకుని, ఆ చుక్కల గీత మీద వేలితో దిగుతూ వచ్చి ఒకచోట ఆగింది.

"ఇది తిన్నగా బండ మీదికి పోతోందిరా. మలుపే లేదు. మూత దగ్గర ఎడమకి తిరగాలని వాళ్ళకి చెప్పు. నన్ను పోనీ, ఇది మాత్రం చెప్పు."

ఆ సాయంత్రమే ట్రెవర్‌కి చెప్పాను. చెట్టుకి ఒక మూత ఉంది, అదే గుర్తు, పటంలో మలుపు దిద్దించండి అన్నాను. తల ఊపాడు. తర్వాత నవంబరులో మనుషుల్ని పంపి ఆ దారిలో అనుమతి లేని గుర్తులన్నీ తీయించాడు. నేను చెప్పబట్టే మూత ఉందని వాళ్ళకి తెలిసింది. గీత మాత్రం ఎలా ఉన్నది అలాగే ఉంది.

జనవరిలో జరగాల్సింది జరిగింది. ఆరుగురు అతిథుల్ని వెంటబెట్టుకుని బ్రిన్ అనే గైడు మూతదారిలో దిగింది. మంచిపిల్లే, కానీ మా కొండకి వచ్చి రెండు నెలలు. పటంలో ఉన్నట్టే దించింది. అంచుకి ఐదడుగుల ముందు అనుమానం వచ్చి అందరినీ ఆపింది. అంత కొత్త మంచులో మళ్ళీ కొండ పైదాకా ఎక్కలేరు. పొగమంచు కమ్మేసింది. ఇంకో గంటన్నరలో చీకటి. బ్రిన్ ఫోనులో చెప్పగానే నేనూ ఇంకొక కాపలావాడూ వాళ్ళ స్కీల గాడి పట్టుకుని దిగాం. వాళ్ళని చేరాక అర్థమైంది, బయటికి తీసుకెళ్ళే దారి నాకూ తెలియదని. తొందరపడి తిరిగితే కింద ఇంకో బండ ఉంది. దారిలో చెట్టుకి మూతేమైనా చూశావా అంటే బ్రిన్ లేదంది. ఫోను తీసి వంటింటికి చేశాను.

"పిన్నీ, బండ మీదున్నాను. మొత్తం తొమ్మిది మందిమి. మూత తీసేశారు."

అవతల గరిటె గిన్నెకి తగిలిన చప్పుడైంది.

"లార్చ్ కనిపిస్తోందా, రెండుగా చీలింది?"

"చెయ్యి చాస్తే చెయ్యే కనపడట్లేదు."

"అయితే తడుముకుంటూ పద. ముప్ఫై అంగలు పైకి. బెరడు మీద తీగ కోసిన గాడి ఉంటుంది. మంచు మీద నిలబడి కట్టాన్లే, ఇప్పుడున్న మంచుకి నీ నడుము దగ్గరికొస్తుంది."

ఒక్కో చెట్టూ నిమిరాను. ఐదో చెట్టుకి, సరిగ్గా నా నడుము దగ్గర, వేలు పట్టేంత గాడి తగిలింది.

"దొరికింది."

"ఇక ఎడమకి. చెట్ల మధ్య సందు రెండు బారలుంటుంది. అంతకన్నా ఇరుకైతే అది నేను కొట్టింది కాదు, ఆగిపో. ఒక్కొక్కళ్ళనీ పంపు, గుంపుగా వద్దు."

చేతులు చాచి కొలుచుకుంటూ, ఆమె రంపం నడిచిన వెడల్పులోనే, అందరం దిగాం. వంటింట్లో వేడి బోర్ష్ సిద్ధంగా ఉంది. పైన సోయకూర కూడా తరిగి చల్లింది. అతిథుల్లో ఒకాయన రెండోసారి పోయించుకుని, ఇక్కడ సూపు చాలా బాగుందని మెచ్చుకున్నాడు. తనకి ప్రాణం పోసింది ఆ గరిటె పట్టుకున్నావిడేనని ఆయనకి తెలియదు. నేను చెప్పబోతే పిన్ని కళ్ళతోనే వద్దంది.

మర్నాడు కంపెనీ తన సమర్థ బృందాన్ని పొగుడుకుంటూ ప్రకటన వేసుకుంది. పిన్నికి ఒక కవరు వచ్చింది. అందులో అచ్చు సంతకంతో కృతజ్ఞతల ఉత్తరం, ఒక రోజుకి చెల్లే లిఫ్టు టికెట్టు ఉన్నాయి. టికెట్టు వెనక సన్న అక్షరాల్లో, పటంలోని మామూలు దారులకే వర్తించును అని ఉంది. తొమ్మిది మంది ప్రాణాలకి ఒక పూట బిచ్చం. ఆమె దాన్ని వేడి గిన్నె కింద పెట్టుకుంది. వారంలో మాడి నల్లబడింది.

చలికాలమంతా రెండున్నరయ్యేది, ఆమె ఆప్రాన్ మేకుకి తగిలించేది. తర్వాత ఎక్కడికి వెళ్ళాలో తెలియక కిటికీ దగ్గర నిలబడి, మళ్ళీ కట్టుకునేది. అది చూడలేక నేను ఆ వేళకి క్యాంటీన్ వైపు వెళ్ళడం మానేశాను.

మళ్ళీ ఆగస్టులో కెమెరా ఎగిరింది. ఈసారి చార పచ్చబడి ఉంది. ఆల్డర్ లేచింది. రహస్య దారి అంటే ఏటా ఎవరో ఒకరు నడుం వంచితేనే ఉంటుందని కంపెనీకి అప్పుడు తెలిసింది. ట్రెవర్ నన్ను పిలిచి కొత్త పాసు చేతిలో పెట్టాడు. మీద పిన్ని ఫోటో, కింద 'జీవితకాలం' అని ఉంది. మా మనుషుల్ని తీసుకెళ్ళి ఏ పొద ఎక్కడ కొట్టాలో చూపిస్తే చాలన్నాడు.

నిజం చెప్తున్నాను, ఆమె ఒప్పుకోవాలనే కోరుకున్నాను. పౌరుషాలు పక్కన పెట్టి ఆ ఒక్క దిగుడు ఆమెకి దక్కితే చాలనిపించింది.

పిన్ని పెరట్లో సోయకూర కోస్తోంది. పాసు తీసుకుని చాలాసేపు చూసింది. బొటనవేలితో ఫోటో మీద మట్టి తుడిచింది. కళ్ళు చెమర్చాయి, దాచుకోలేదు కూడా.

"నాకు కావాలిరా ఇది," అంది. "కావాలి కాబట్టే పంపారు."

"తీసుకో పిన్నీ."

"తీసుకుంటే కొట్టాలి. కొడితే ఆ గీత పట్టుకుని మళ్ళీ జనం దిగుతారు. పోయినసారి ఆ పిల్లకి అనుమానం వచ్చి ఆగింది. ఈసారి ఆగనివాళ్ళని నేనే నా రంపంతో బండ మీదికి పంపనా?"

ఆమె కోసిన కట్ట బుట్టలో పడేసింది.

"ముందు నా మూత తెచ్చిమ్మను. అప్పుడు మాట్లాడదాం."

అది చెత్తలో పోయిందని ఆమెకీ తెలుసు. పాసు నా చేతిలో పెట్టి, కత్తెర ఎక్కడుందో నీకు తెలుసుగా అని మళ్ళీ కూరలోకి వంగింది. లోపలికి వెళ్ళాను. పొయ్యి మీద పెద్ద గిన్నె ఉడుకుతోంది, పైన బోర్లించిన పళ్ళెం ఆవిరికి కదులుతోంది. కత్తెర మేకుకే ఉంది. దాంతోనే ఆ ఫోటోని మధ్యకి కత్తిరించాను.

రెండు ముక్కలూ, వాటి పక్కన నా కాపలా పాసూ తీసుకెళ్ళి ట్రెవర్ బల్ల మీద పెట్టాను. ఏమందావిడ అని అడిగాడు. తన మూత తనకి తెచ్చిమ్మంది అన్నాను.

"ఏ మూత?" అన్నాడు.