పిన్ని ఇల్లు, బావగారి లాయరు

మా పిన్ని మెడలో టేపు లేకుండా నేను చూసింది తక్కువ. పొద్దున్నే జడ వేసుకుని టేపు మెళ్ళో వేసుకుందంటే మళ్ళీ పడుకోబోయే ముందే తీస్తుంది. బజారుకెళ్ళినా అంతే, డాక్టరు దగ్గరికెళ్ళినా అంతే. కళ్ళు సరిగా కనబడనివాళ్ళకి కూడా కనబడేంత వెడల్పాటి టేపు అది. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఆ టేపుతోనే పిన్ని ఒక లాయరు ఎదురుగా గంటసేపు కూర్చుంది. ఆ మహానుభావుడి కంటికి అది ఆనలేదు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పిన్ని అంటే మా అమ్మ చెల్లెలు. బట్టలు కుట్టి బతుకుతుంది. స్కూలు యూనిఫారాలు, గౌన్లు, కోట్లు, చిరిగిన జేబులు, ఊడిపోయిన జిప్పులు, ఏది తెచ్చిచ్చినా కాదనదు. కాదనలేకపోవడమే ఆవిడకున్న జబ్బు. దానికి మనవాళ్ళు మొహమాటమని ముద్దు పేరు పెట్టుకున్నారు గానీ, నన్నడిగితే అది జబ్బే. బాబాయి సరుకుల వ్యాను నడిపేవాడు. ఆయన పోయాక, పిల్లాజెల్లా లేని పిన్నికి కుట్టు మిషనే తోడైంది.

అద్దె ఇళ్ళలో ఆ మిషనుతో పిన్ని పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. మోటారు చప్పుడు మొదలైతే చాలు, పక్క వాటావాళ్ళు గోడ మీద దబదబా బాదేవారు. పిన్ని మిషను కాళ్ళ కింద పాత దుప్పట్లు మడిచి పెట్టింది. తలుపు సందుల్లో గుడ్డలు కుక్కింది. ఒక ఇంటావిడైతే, గిరాకీ ఎవరొచ్చినా ముందు గుమ్మం తొక్కకూడదని, వెనక మెట్ల మీంచి రమ్మని హుకుం జారీ చేసింది. చివరికి ఎలా తయారైందంటే, గోడ మీద మొదటి దెబ్బ పడీ పడకముందే పిన్ని కాలు పెడలు మీంచి దానంతటదే లేచిపోయేది. సొంత కష్టం మీద బతికే మనిషి దొంగలా కుట్టుకునేది.

అందుకే ఆవిడకి ఒకటే కోరిక. వీధివైపు పెద్ద కిటికీ ఉన్న గది కావాలి. ఆ కిటికీ కింద మిషను వేసుకోవాలి. గోడ మీద ఎవరూ కొట్టకూడదు. బాబాయి వ్యాను అమ్మగా వచ్చినదీ, తను కూడబెట్టినదీ అంతా అలాంటి గది కోసమే దాచింది.

దొరికింది కూడా. పాత డాబా ఇల్లు, కింది వాటా. ముందు గదికి గోడలో సగం కిటికీయే. పిన్ని ఆ గదిలో నిలబడి, మిషను ఎక్కడ, బట్టలు కోసే బల్ల ఎక్కడ, గిరాకీ కూర్చునే కుర్చీ ఎక్కడ అని టేపు పరిచి కొలుచుకుంది. ఇక మంచి లాయరుకి చూపించి కొనుక్కోవడమే తరువాయి. మన పేటలోనే మందుల షాపు మీద లాయరమ్మ ఉంది, ఇక్కడి ఇళ్ళ సంగతులన్నీ ఆవిడకి కొట్టినపిండి, ఆవిడ దగ్గరికే వెళ్దామని నేనన్నాను. పిన్ని సరేనంది. అంతలో బావగారు దిగారు.

బావగారంటే బాబాయికి అన్నగారు. పిన్నికి వరసకి బావగారు గానీ, ఇంటిల్లిపాదీ ఆయన్ని బావగారనే అంటాం. పెద్ద కంపెనీలో మేనేజరుగా చేసి రిటైరయ్యాడు. ఆయనకి చెడ్డ బుద్ధి లేదు, అది నేనూ ఒప్పుకుంటాను. ఉన్నదల్లా దర్జా. తమ్ముడి భార్య ఊళ్ళోవాళ్ళ ప్యాంట్లు కుడుతుందని తన స్నేహితుల దగ్గర ఏనాడూ పైకి అనలేదు. ఆయన బట్టలు కూడా వేరే చోటే కుట్టించుకునేవాడు. మందుల షాపు మీద లాయరు అనగానే మొహం అదోలా పెట్టి, తన స్నేహితుడు ఒకడున్నాడని, నగరం నడిబొడ్డున ఆఫీసని, లిఫ్టులో వెళ్ళాలని మొదలుపెట్టాడు. ఇల్లు కొనేవాళ్ళకి లిఫ్టుతో ఏం పనో నాకు అర్థం కాలేదు. పిన్ని మాత్రం, పెద్దాయన తనంతట తను సాయం చేస్తానంటే వద్దని ఎలా అంటానే అని నన్నే బతిమాలింది.

ఆ ఆఫీసుకి వెళ్ళిన రోజు నాకు డిపోలో డ్యూటీ. నేను బస్సు డిపోలో టికెట్ కౌంటర్లో కూర్చుంటాను. రోజంతా జనంతో గొంతు చించుకునే ఉద్యోగం, అందుకే నాకు నోరు ఆగదని మా ఇంట్లో అంటారు. ఆగకపోవడమే మంచిదని ఆ రోజు తరవాత తెలిసింది. అక్కడ ఏం జరిగిందో పిన్ని నాకు మెల్లిగా, తప్పంతా తనదే అన్నట్టు చెప్పింది. లాయరు ఇల్లు అమ్మేవాడి గురించి అడిగాడట. పన్నులు కట్టారా, తాకట్టులేమైనా ఉన్నాయా, వారసులెవరైనా తగాదాకొస్తారా అని అన్నీ అడిగాడట. చివర్లో బావగారి వైపు తిరిగి, మేడమ్ ఏం చేస్తుంటారని అడిగాడు. మెళ్ళో టేపుతో మేడమ్ ఎదురుగానే కూర్చుని ఉంది.

"ఏం లేదండీ, ఇంట్లోనే ఉంటుంది" అన్నాడు బావగారు.

 పదిమందిలో పెద్దాయన మాట తీసేసినట్టవుతుందని పిన్ని ఊరుకుంది. అక్కడ ఉన్నది పదిమంది కాదు, ముగ్గురే. లాయరు ఆ వీధి మొహం కూడా చూడకుండానే, అంతా సవ్యంగా ఉంది, కొనుక్కోండి అన్నాడు. పిన్ని సంతకం పెట్టేసింది.

కొత్తింట్లో మొదటి రోజులు చూడాలి ఆవిణ్ణి. కిటికీ రెక్కలు బార్లా తీసి, మిషను కాళ్ళ కింది దుప్పట్లు బయట పారేసి, ఒక చిన్న బోర్డు రాయించి గుమ్మం పక్కన తగిలించింది. పనిలో పడి పాట కూడా పాడుకునేది. పిన్నికి పాట వచ్చని నాకు అప్పుడే తెలిసింది.

తరవాత ఒక మధ్యాహ్నం పైవాటా ఆయన దిగి వచ్చాడు. నెమ్మదైన మనిషి, గొంతు పెంచలేదు. ఆ వీధి వీధంతా ఒకప్పుడు ఒకడే కట్టించి అమ్మాడట. అమ్మేటప్పుడు ప్రతి ఇంటికీ ఒకటే షరతు పెట్టాడు. ఇక్కడ కాపురాలే ఉండాలి, వ్యాపారాలు చేయకూడదు. ఎన్ని చేతులు మారినా ఆ షరతు ఇంటితోపాటే వస్తుంది. రెండిళ్ళ అవతల ఎవరో పళ్ళ డాక్టరు క్లినిక్ పెడితే కోర్టుకెళ్ళి మూయించారట. ఇదంతా చెప్పి, ఇది వీధిలో అందరికీ తెలిసిన సంగతేనమ్మా, కొనేటప్పుడు మీ లాయరు చెప్పలేదా అని ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. పిన్ని ఆయన్ని కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, ఆ సాయంత్రమే బోర్డు దింపేసింది. కాఫీ ఇవ్వడమేమిటని నేను గింజుకున్నాను.

లాయరుకి ఫోను చేసింది నేనే. ఆయన నొచ్చుకోలేదు సరికదా, తడుముకోను కూడా లేదు. అది మామూలు షరతేనండీ, కాపురం ఉండేవాళ్ళకి ఇబ్బందేమీ లేదు, ఆవిడ ఇంట్లోనే ఉంటారని కదా మీవాళ్ళు చెప్పారు అన్నాడు. నేను ఫోనులో ఏమన్నానో ఇక్కడ రాయకూడదు. నాకు మరీ మంటెక్కించింది ఏమిటంటే, ఆయన అన్నదాంట్లో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు. ఎందుకు కొంటున్నావమ్మా అని ఒక్క ప్రశ్న, నోరు తెరిచి ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది.

చేసేది లేక పిన్ని సైకిల్ షాపు వెనక ఒక గది అద్దెకి తీసుకుంది. దానికి కిటికీ లేదు. పట్టపగలు బల్బు వేసుకుని నల్ల గుడ్డ మీద నల్ల దారంతో కుట్టాలి. సొంత ఇల్లుండి మిషను అద్దె గదిలో ఉండటం ఎక్కడైనా విన్నారా? పిన్ని కళ్ళు ఎర్రబడి ఇంటికొచ్చి, ఎండ పడే ఆ ఖాళీ గదిలో ఊరికే కూర్చునేది. అది చూడలేక నేనే పోరాను, అమ్మేయమని. బజారు చివర ఒక షాపు గది అమ్మకానికి వచ్చింది. ముందు అద్దాల కిటికీ, వెనకాల ఒక మనిషి ఉండేందుకు చోటు. దాని యజమాని నెలాఖరు వరకు ఆగుతానన్నాడు. ఈలోపు ఇల్లు అమ్ముడుపోతే ఆ గది పిన్నిది.

అమ్మడమనగానే బావగారు మళ్ళీ హాజరు. తన స్నేహితుడికి చెబుతానన్నాడు. ఈసారి నేను పిన్ని చెయ్యి పట్టుకుని మందుల షాపు మెట్లెక్కించాను. లాయరమ్మది ఇరుకు గది, ఫ్యాను తిరిగినప్పుడల్లా టిక్కుటిక్కుమంటుంది. ఆవిడ పిన్నిని కింద నుంచి పైదాకా ఒకసారి చూసి, కుట్టుపని చేస్తారా, ఇల్లెందుకు అమ్ముతున్నారు అని అడిగింది. అంతే, పిన్ని బావురుమంది. ఆ లాయరు మీద కేసు వేద్దామని నేను ఎగిరాను. దానికి ఆవిడ, ఇంట్లోనే ఉంటారని చెప్పారని ఆయన అంటాడు, అలా చెప్పింది మీ బావగారే, సాక్ష్యం మీ ఇంట్లోనే ఉంది అంది. షరతు తీయించాలంటే వీధంతా ఒప్పుకోవాలి, ఒప్పుకోరు. ఇక కొనేవాళ్ళ సంగతి. వాళ్ళు అడిగితే అబద్ధం ఆడకూడదు. అడగకపోతే అది వాళ్ళ లాయరు చూసుకోవలసిన పని, చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం అని తేల్చేసింది. నాకు ప్రాణం లేచొచ్చింది. నోరు మూసుకుంటే చాలు, ఆ పని పిన్నికి పుట్టుకతో వచ్చిన విద్య.

నెలాఖరు దగ్గర పడుతుండగా ఒక అమ్మాయి వచ్చింది. భుజానికి వయొలిన్ పెట్టె. ముందు గదిలోకి రాగానే మధ్యలో నిలబడి చిటిక వేసి, చప్పుడు ఎలా వస్తుందో చెవి ఒగ్గి విన్నది. మొహం విప్పారింది. బేరానికి కూర్చున్న రోజు నేను సెలవు పెట్టి మరీ వెళ్ళాను. బావగారూ వచ్చాడు, పెద్దదిక్కుగా. అంతా నిమిషాల్లో కుదిరిపోయింది. ఆ అమ్మాయి మావయ్యకి తెలిసిన లాయరు ఉన్నాడట, ఎక్కడో దూరాన ఉంటాడట, అంతా బాగుంది కొనేయమన్నాడట. ఇంకేం, సంతకాలే అనుకున్నాను.

పిన్ని ఆ అమ్మాయి పెట్టె వైపే చూస్తోంది.  నేను మోచేత్తో పొడిచాను. లాభం లేకపోయింది.

"ఇల్లెందుకమ్మా నీకు?" అంది పిన్ని.

ఆ పిల్ల సంబరంగా చెప్పుకొచ్చింది. పిల్లలకి వయొలిన్ నేర్పుతుంది. ఇప్పుడుంటున్న అద్దె ఇంట్లో పక్కవాళ్ళు గోడ మీద కొడతారు. పాఠం మధ్యలో ఆపేస్తే పిల్లలు బిక్కమొహం వేస్తారు. ఈ గది దొరికాక రాత్రి నిద్ర పట్టలేదు అంది. పిన్ని మొత్తం చెప్పేసింది. పైవాటా ఆయన, వీధి షరతు, పళ్ళ డాక్టరు, ఏదీ వదల్లేదు.

బావగారు గబుక్కున అడ్డం పడి, ఆవిడ మాటలు పట్టించుకోవద్దని నవ్వేశాడు. "ఆవిడకి ఇవన్నీ తెలీవమ్మా. ఇంట్లోనే ఉండే మనిషి."

పిన్ని లేచి నిలబడింది. 

"నేను ఇంట్లో ఉండే మనిషిని కాదు బావగారూ. బట్టలు కుట్టి బతుకుతున్నాను. ఆ రోజు లాయరు ముందు కూర్చున్నప్పుడు కూడా నా మెళ్ళో ఈ టేపుంది. మీకు కనబడింది. మీకు సిగ్గేసింది. మీ సిగ్గు కోసం నేను నా ఇల్లు పోగొట్టుకున్నాను."

బావగారు ఇరవై ఏళ్ళలో పిన్ని నోట అన్ని మాటలు ఒక్కసారిగా విని ఉండడు. కళ్ళద్దాలు తీశాడు, తుడిచాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. ఆ అమ్మాయికి పిన్ని మందుల షాపు మీద లాయరమ్మ చిరునామా చెప్పి, ఏ ఇల్లు చూసినా ముందు ఆవిడ దగ్గరికి వెళ్ళమని గుమ్మందాకా దిగబెట్టింది.

నెలాఖరయ్యింది. షాపు గది చెప్పులమ్మే అతను కొనుక్కున్నాడు. అద్దాల కిటికీ నిండా ఇప్పుడు చెప్పులే.

నేను పిన్నిని దులిపేశాను. సైకిల్ షాపు వెనక గదికి వెళ్ళేదాకా దారి పొడుగునా దులుపుతూనే ఉన్నాను. నోరు తెరవాల్సినప్పుడు మూసుకున్నావు, మూసుకోవాల్సినప్పుడు తెరిచావు, ఇప్పుడు ఈ చీకటి కొట్లో కళ్ళు పోగొట్టుకో అన్నాను. నాకు బావగారి మీద కోపం, ఆ లిఫ్టు లాయరు మీద కోపం, వయొలిన్ పట్టుకుని సరిగ్గా మా ఇంటికే వచ్చిన ఆ పిల్ల మీద కూడా కోపం. పిన్ని తాళం తీసి, బల్బు వేసి, మిషను ముందు కూర్చుంది.

"నేను చెప్పకపోతే రేపు ఆ పిల్ల తలుపు కొడతారే" అంది సూదిలోకి దారం ఎక్కిస్తూ. "ఆ చప్పుడు నేనెక్కడున్నా నాకు వినబడుతుంది. నా కాలు పెడలు మీద నిలవదు."

నేను ఇంకా తిడదామనే నోరు తెరిచాను. పిన్ని మోటారు వేసింది. ఆ చప్పుడులో నా మాట నాకే వినపడలేదు. గోడ మీద మాత్రం ఎవరూ కొట్టలేదు.