నొప్పి లేని ఎడమ భుజం

కోదాడ బస్టాండులో ఒక పెద్దావిడకు టికెట్ అందివ్వబోయాను. కుడి చెయ్యి సగం లేచి ఆగిపోయింది. భుజంలో మేకు దిగినట్టు నొప్పి. టికెట్ కింద పడితే పాపం ఆవిడే వంగి తీసుకుంది.

నేను పంతొమ్మిదేళ్లుగా బస్సు కండక్టర్ని. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల మధ్యే నా తిరుగుడంతా. నడిచే బస్సులో నా పద్ధతి ఎప్పుడూ ఒకటే. ఎడమ చేత్తో తలపైన రాడ్డు, కుడి చేత్తో టికెట్ మిషన్, కుడి భుజానికి సంచి. అందుకే కుడి భుజం అరిగిందేమో అనుకున్నాను.

సూర్యాపేటలో ఎముకల డాక్టర్ గారు అల్ట్రాసౌండ్ రాశారు. "ఎడమది కూడా తీయించమ్మా, రెండూ పోల్చి చూద్దాం" అన్నారు. నాకు నవ్వొచ్చింది.

"సార్, అది మంచి చెయ్యి. దానికేం రోగం?"

స్కాన్ అయ్యాక ఆయన స్క్రీన్ నా వైపు తిప్పారు. కుడి భుజంలో వాపు మాత్రమే ఉందట, బర్సైటిస్. ఎడమ భుజంలో కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే టెండన్ తెగి ఉంది. ఫుల్ థిక్‌నెస్ టియర్, అంటే మందమంతా తెగిపోయిందట, దాదాపు సెంటీమీటరు. నేను నమ్మలేదు. ఆయన ముందే ఎడమ చెయ్యి నిటారుగా పైకెత్తి చూపించాను.

"తెగితే ఇదెట్ల లేస్తుంది సార్?"

"పక్కనున్న కండరాలు దాని పని పంచుకున్నయమ్మా. నీకు తెలియనివ్వలేదు, అంతే."

ఎప్పుడు తెగిందో నాకు తెలియదు. తెగాక కూడా ఆ చేత్తో ఎన్ని వందల మలుపులకు రాడ్డు పట్టుకుని నిలబడ్డానో! నా ఒంట్లో ఇన్ని సర్దుబాట్లు జరుగుతుంటే నాకు కబురే లేదు.

డాక్టర్ గారు ఇంకో మాట కూడా చెప్పారు. "ఇసుంటివి కొందరికి ఏండ్లకేండ్లు అట్లనే ఉంటయి. కొందరికి సప్పుడు లేకుండ పెద్దగైతయి. నీది ఏమైతదో ఇప్పుడే చెప్పలేను. ఏటా స్కాన్‌కు రా. దాని మీద బరువు పెంచకు."

నేను చేసిందేమిటో చెప్పనా? కుడి భుజానికి మందులు, వ్యాయామాలు, విశ్రాంతి. ఆ విశ్రాంతి కోసం సంచి తెచ్చి ఎడమ భుజానికే వేసుకున్నాను. నొప్పి లేని చెయ్యే కదా, మోస్తుందిలే అనుకున్నాను. ఏడాది తర్వాత స్కాన్‌లో టియర్ అంతే ఉంది. దాంతో ధైర్యం వచ్చేసి రెండో ఏడు వెళ్లనే లేదు. ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చాక బస్సులు కిటకిటలాడుతున్నాయి. రోజంతా ఆ ఎడమ చెయ్యి మీదే వేలాడాను.

మూడో ఏడు ఒక ఉదయం జడ వేసుకుంటుంటే ఎడమ భుజం పట్టేసింది. ఏ దెబ్బా తగల్లేదు, పడలేదు. నెల తిరక్కుండా చెయ్యి రాడ్డు దాకా లేవడం మానేసింది. మళ్లీ స్కాన్. డాక్టర్ గారు మూడు బొమ్మలూ పక్కపక్కన పెట్టారు. మొదటి రెండూ కవలల్లా ఉన్నాయి. మూడోదాంట్లో సందు దాదాపు రెండింతలైంది.

"పెరిగింది కాబట్టే నొప్పి వచ్చి ఉంటది. ఇంకా ఆలస్యం చేస్తే కండరం కొవ్వుగా మారుతది, కుట్టినా నిలవదు" అన్నారు. మళ్లీ బస్సెక్కగలనా అని అడిగాను. మాట ఇవ్వలేనన్నారు.

ఆ మధ్యాహ్నం మిర్యాలగూడ బస్టాండులో, ఎక్కువ డ్యూటీలు నాతోనే చేసే డ్రైవర్ యాదగిరన్నకు చెప్పి ఏడ్చేశాను. నాకు బస్సు లేని బతుకు ఊహకు రాదు. ఆయన చాయ్ నా చేతికిచ్చి నిదానంగా అన్నాడు.

"చెల్లె, లొల్లి చేసెటోని దగ్గర టికెట్ ఉంటది. సప్పుడు చెయ్యకుండ కిటికీలకెల్లి బయటికి సూసెటోన్నే గద నువ్వు ముందుగాల అడుగుతవ్. మరి నీ భుజాన్ని ఎందుకడగలే?"

ఏడుస్తూనే నవ్వాను. నిజమే, అది నేను కొత్త కండక్టర్లకు నేర్పే మొదటి పాఠం.

ఆపరేషన్ అయింది. ఆరు వారాలు చెయ్యి మెడకు వేలాడే స్లింగ్‌లోనే. అది తీశాక చెయ్యి కొయ్యబారిపోయి ఉంది. ఫిజియోథెరపీలో వేళ్లతో గోడ ఎక్కించేవారు. ఎక్కిన చోట పెన్సిల్ గీత. మూడు వారాలు గీత ఒకే చోట ఉండిపోయింది, ఇక డిపోలో కుర్చీయే గతి అనుకున్నాను. తర్వాత వేలెడంత పైకి జరిగింది. మళ్లీ వేలెడంత. తెగిన నరంలాంటిది ఎముకకు తిరిగి అతుక్కుంటుందంటే నాకు ఇప్పటికీ వింతే. ఎనిమిదో నెలలో, ఆగి ఉన్న బస్సులో రాడ్డు అందుకున్నాను. యాదగిరన్న అద్దంలో చూసి హారన్ కొట్టాడు.

ఇప్పుడు మళ్లీ డ్యూటీలోనే ఉన్నాను. రాడ్డుకు వేలాడను, సీటుకు నడుం ఆనించి నిలబడతాను. సంచి నడుముకు కట్టుకుంటున్నాను.

తోటివాళ్లకు ఒకటే చెబుతాను. ఒక భుజం నొస్తే డాక్టర్‌కు రెండూ చూపించండి. నొప్పి లేని దాంట్లో టియర్ ఉందంటే, రమ్మన్న తేదీని క్యాలెండర్ మీద రాసుకుని, నొప్పి లేకపోయినా వెళ్లండి.

పోయిన స్కాన్‌లో నా కుడి భుజంలో చిన్న పార్షియల్ టియర్, అంటే కొంతవరకే తెగింది, కనిపించింది. వచ్చే సోమవారం మళ్లీ రమ్మన్నారు. కుడి చెయ్యి ఇప్పుడు హాయిగా ఉంది, ఏమీ అనడం లేదు. అందుకే వెళ్తున్నాను.