పలకల లెక్కకు కాపలా పెట్టిన సుజాతక్క

మొన్న ఉదయం మార్కాపురంలో మా ఆఫీసు తాళం తీస్తుండగా సుజాతక్క తమ్ముడి ఫోన్ వచ్చింది. "అక్క పోయింది" అన్నాడు, అంతే. నిశ్చేష్టురాలినై మెట్ల మీద కూర్చుండిపోయాను. మూత్రపిండాల వ్యాధి ఆమెను కొంతకాలంగా పీడిస్తూనే ఉంది. అయినా ఆ మనోనిబ్బరం ముందు మృత్యువు కూడా వెనుదిరుగుతుందని నమ్మినదాన్ని.

కొనకనమిట్ల దగ్గర కూలి కుటుంబంలో పుట్టి, స్వయంకృషితో ఇంజనీరై, రాతి పలకల ఫ్యాక్టరీలకు ఆర్డర్ల సాఫ్ట్‌వేర్ రాసే చిన్న సంస్థను నిలబెట్టిన ధీశాలి ఆమె. సంస్థ అంటే ఆమె, నేను.

ఒకసారి ఆమె సాఫ్ట్‌వేర్‌లోని బిల్లు భాగంలో చేసిన మార్పు వల్ల, రాయి కోసేవాళ్లకు వెళ్లే కోత చీటీలో పొడవు, వెడల్పు తారుమారయ్యాయి. కాశయ్య గారి ఫ్యాక్టరీలో ఒక ఆర్డరు రాయంతా తప్పుకొలతకు కోసేశారు. అక్క వెంటనే ఆటోలో వెళ్లారు. నేనూ వెంట ఉన్నాను.

"తప్పు నాది మామా. కోసినోళ్లను ఏమీ అనొద్దు" అన్నారు.

ఆయన చేతుల రాతిపొడి దులుపుకుంటూ, "అయిందేదో అయింది లేమ్మా. రేపు ఇంకోటి మార్చి ఇంకోటి చెడగొడితే మా గతేంది?" అన్నారు.

ఆ ప్రశ్నకు జవాబుగానే ఆమె ఒక కొత్త ఏర్పాటు చేసే పనిలో నిమగ్నమయ్యారు. మాలో ఎవరు ఏ మార్పు రాసి పంపినా, సర్వర్ తనంతట తానే ప్రోగ్రామునంతా కూర్చి, పరీక్షలన్నీ నడుపుతుంది. ఒక్కటి తప్పినా ఆ మార్పును ఫ్యాక్టరీల దాకా పోనివ్వదు. మొట్టమొదటి పరీక్ష ఆ పొడవు వెడల్పులదే.

"ఇద్దరమే కదక్కా, ఒకరిది ఒకరం చూసుకుంటే చాలదా?" అన్నాను.

"నేను ఆస్పత్రిలో ఉంటే నీది ఎవరు చూస్తారు పాపా?"



తీరా ఆ ఏర్పాటు మొదటగా తిరస్కరించింది ఆమె మార్పునే. తెర మీద ఎర్రగుర్తు చూసి నేను బిక్కచచ్చిపోతే, ఆమె పకపకా నవ్వారు. "మనల్ని కాదనేటోడు ఒకడుండాల. లేకుంటే చెడిపోతాం" అన్నారు. డయాలసిస్‌కు పోయిన రోజుల్లో కూడా ఫోన్ చేసి, "పచ్చగుర్తు వచ్చిందా, తిన్నావా?" అని అడిగేవారు. ఆ రెండూ ఒకే ఊపిరిలో అడిగేవారు.

నిన్న సమాధి దగ్గర ప్రార్థన జరుగుతుంటే, కాశయ్య గారు ఒక వారగా నిలబడి కండువాతో కళ్లు ఒత్తుకున్నారు. ఆ నిరాడంబర విద్వత్తుకు, తన తప్పును తానే మోసిన ఆ ధర్మనిష్ఠకు నా అశ్రునివాళి.

ఈ రోజు, ఆమె సగంలో వదిలిన మార్పును పూర్తి చేసి పంపాను. పరీక్షలన్నీ నెగ్గాయి. తప్పు లేదని తేలింది. బాగుందా అని అడుగుదామంటే మనిషి లేదు.