తలుపు దగ్గర చప్పట్లు

తాండూరు కందిపప్పు మిల్లులో మార్త చాట పట్టిందంటే పక్కవాళ్ళు కొంచెం జరిగి కూర్చునేవారు. పొట్టంతా వాళ్ళ మీదికే ఎగిరేది. నోరూ అంతే. మిల్లు మేస్త్రి కూడా ఆమెను ఏదైనా అడగాలంటే ముందు ఓసారి దగ్గి, తర్వాత అడిగేవాడు. మొగుడు పోయాక ఆ చాటతోనే కూతురు మల్లికను వికారాబాద్‌లో డిగ్రీ దాకా తెచ్చింది.

మల్లిక రోజూ రైల్లో కాలేజీకి వెళ్ళేది. పొద్దటి ప్యాసింజర్ ఏనాడూ వేళకు వచ్చిన పాపాన పోలేదు. రైలు పిల్లలకు మొదటి పీరియడ్ హాజరు పోయేది. హాజరు తగ్గితే పరీక్షకు కూర్చోనిచ్చేది లేదన్నారు. మల్లిక తాండూరు, బషీరాబాద్ పిల్లలందరినీ కూడగట్టి ప్రిన్సిపాల్ గది ముందు బైఠాయించింది. చివరికి రైలు వేళకు తగ్గట్టు కాలేజీ గంటే వెనక్కి జరిగింది. అయితే ఆ రోజు "వాళ్ళకు నేను నచ్చజెప్త సార్" అంటూ గదిలోకి దూరినవాడు సుశాంత్. వికారాబాద్‌లోనే ఇల్లు, బండి మీద వచ్చే పిల్లవాడు.

ఆ కాలేజీలో నాయకత్వం చూపిన విద్యార్థుల కోసం ఒక గౌరవ సంఘం ఉంది. ఎంపికైనవాళ్ళకు సభలో పచ్చ కండువా కప్పుతారు. రైలు పిల్లల కష్టం తీర్చిన ఘనతను సుశాంత్ పేరున చదివి, అతని భుజాన కండువా వేశారు. కుర్చీ దొరకక తలుపు దగ్గర నిలబడ్డ మల్లికను చూసి, సంఘం బాధ్యుడు విజయ్‌కుమార్ సారు, "ఏందమ్మా, చేతులు నొస్తున్నయా? చప్పట్లు కొట్టు" అన్నాడు.

"కొట్టిన్నే అమ్మా," అంది మల్లిక ఇంటికొచ్చి. "గదే నాకు మంట."

ఆ వానాకాలమే డెంగీ జ్వరం మల్లికను తీసుకుపోయింది. మార్త ఏడవాల్సిన ఏడుపంతా ఏడ్చింది. కళ్ళు ఆరాక చెవుల్లో మిగిలినవి ఆ చప్పట్లే.

మరుసటి ఏడు సుశాంత్‌ను సంఘానికి అధ్యక్షుణ్ణి చేద్దామనుకున్నారు. అక్కడొక ఆనవాయితీ ఉంది. అధ్యక్షుడయ్యేవాడి వల్ల మేలు పొందినవాళ్ళెవరైనా వేదికెక్కి, అతని గురించి రెండు ముక్కలు చెప్పి, తమ చేత్తో కండువా కప్పాలి. అది లేనిదే పదవి లేదు. సుశాంత్ నేరుగా మార్త ఇంటికే వచ్చాడు.

"మల్లిక నాకు చెల్లె లెక్క ఆంటీ. మీరు కప్పితే ఆమె ఆత్మకు శాంతి."

"వస్త కొడుకా. తప్పకుండ వస్త."

అతని బండి సందు దాటకముందే పక్కింటి కొండమ్మ అందుకుంది. "గా పోరనికి కండువ కప్పుతవానే? పిచ్చి గిట్ల లేసిందా నీకు?"

"కప్పుత అన్ననా? వస్త అన్న."

నలుగురిలో మాట్లాడటం మార్తకు కొత్త కాదు. ఆదివారం చర్చిలో ఆమె సాక్ష్యం చెప్పడానికి లేచిందంటే పాస్టరు గడియారం చూసుకునేవాడు. సభలో ఒక చేత్తో కండువా, ఒక చేత్తో మైకు పట్టుకుంది.

"రైలు పిల్లల కోసం బైఠాయించింది నా బిడ్డ మల్లిక. అవునా, కాదా?"

"అవును!" వెనక వరసల్లోంచి రైలు పిల్లలు అరిచారు.

విజయ్‌కుమార్ సారు సగం లేచాడు. "అమ్మా, జర కండువ కప్పుండ్రి."

"ఆగు సారూ. నీ వంతు గూడ వస్తది." సుశాంత్ వైపు తిరిగింది. "కొడుకా, నా బిడ్డ గా తలుపు కాడ నిలబడి నీకు చప్పట్లు కొట్టింది. ఇప్పుడు నువ్వు పో. గాడ్నే నిలబడి దానికి కొట్టు. కండువ సంగతి గప్పుడు మాట్లాడుదం."

సుశాంత్ నవ్వబోయాడు. సారు వైపు చూశాడు. సారు చూపు తిప్పుకున్నాడు. చేసేది లేక దిగి వెళ్ళి, తలుపు దగ్గర నిలబడి కొట్టాడు.

"ఇనబడ్తలేదు," అంది మార్త.

గట్టిగా కొట్టాడు. హాలంతటిలో అతనివి తప్ప ఇంకో చప్పట్లు లేవు.

"చెల్లె లెక్క అన్నవు గద. చెల్లెకు గింతేనా?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. సుశాంత్ మెడ దాకా ఎర్రబడ్డాడు. మార్త అప్పుడు సారు వైపు తిరిగింది.

"ఏంది సారూ, చేతులు నొస్తున్నయా?"

సారూ కొట్టాడు.

మార్త తీరిగ్గా కండువా మడిచి బల్ల మీద పెట్టి వేదిక దిగింది. తలుపు దగ్గర సుశాంత్ అడ్డమొచ్చాడు. "ఆంటీ, కండువ?"

"నా బిడ్డకు ఎయ్యని కండువ నీకెట్ల ఏస్త కొడుకా?"

ఆ ఏడు సంఘానికి అధ్యక్షుడు లేడు. సాయంత్రం రైల్లో పిల్లలు ఆమెను కిటికీ పక్కన కూర్చోబెట్టారు. బషీరాబాద్ అమ్మాయి ఒకతి మెల్లగా అడిగింది. "ఇప్పుడు కడుపు సల్లబడ్డదా అత్తమ్మా?"

"యాడ సల్లబడ్డది బిడ్డా? ఇంక జరసేపు కొట్టియ్యాల్సింది."

నిరుడు తను కన్నుమూసేదాకా మార్తకు ఉన్న పశ్చాత్తాపం అదొక్కటే.