బతికున్న చుక్కలు

ఆపరేషన్ గదిలో వాడే కత్తెరలను ఆవిరిపెట్టెలో పెట్టి, వాటి మీది క్రిములను చంపడం ఆమె ఉద్యోగం. ఆస్పత్రిలో అందరూ ఆవిరమ్మ అనేవారు. ఇంట్లో ఆమె ఉడకబెట్టకుండా వదిలేసింది మనుషులనే.

నెల నిండిన మనవడు సాయంత్రమైతే చాలు, కాళ్లు పొట్టకు ముడుచుకుని గుక్కపట్టి ఏడ్చేవాడు. డాక్టరు చూసి, జబ్బేమీ లేదని చెప్పి, ఒక చిన్న సీసా రాసిచ్చాడు.

"ప్రోబయోటిక్ చుక్కలటమ్మా. మేలు చేసే బాక్టీరియా. సీసాలో బతికే ఉంటాయట," అంది కూతురు.

ఆవిరమ్మకు ఒళ్లు జలదరించింది. బతికున్న క్రిములు పసివాడి నోట్లోనా? కూతురు స్నానానికి వెళ్లగానే సీసాను మరిగే నీళ్లలో నిలబెట్టింది. అప్పుడుగానీ ఆమె గుండె కుదుటపడలేదు.

వారం గడిచినా ఏడుపు తగ్గలేదు.

"ఈ మందు అందరికీ పనిచెయ్యదన్నారులే. కానీ లోపల ఇంకేదైనా ఉందేమోనని భయంగా ఉందమ్మా. రేపు పెద్దాస్పత్రికి తీసుకెళ్లి పరీక్షలన్నీ చేయిద్దాం," అంది కూతురు. దాని కళ్లు పీక్కుపోయి ఉన్నాయి.

ఆవిరమ్మ సీసా వంక చూసింది. చెబితే కూతురు మళ్లీ బిడ్డను చేతికివ్వదేమో. చెప్పకపోతే ఆ పసి చేతికి ఎన్ని సూదులు గుచ్చుతారో.

"మందు తప్పు కాదే. వాటిని నేనే ఉడకబెట్టాను."

కూతురు ఆ సీసాను చెత్తబుట్టలో పడేసింది. మర్నాడు కొత్త సీసా తెచ్చి తల్లి చేతిలోనే పెట్టింది.

"నువ్వే వెయ్యి."

ఆవిరమ్మ చుక్కలు వేసింది. పసివాడు చప్పరించాడు. జన్మంతా క్రిములను చంపిన ఆ మనిషి, పెదవి కదపకుండా, వాటిని బతకమని బతిమాలుకుంది.