ఓడ పటంలో రెండు గళ్లు

మా అమ్మాయి తను పనిచేసే ట్రావెల్ ఆఫీసు నుంచి వస్తూ ఫోన్‌లో ఓడ పటం తెచ్చింది. ముంబైలో ఎక్కితే గోవా చూపించి మళ్లీ ముంబైలోనే దింపే ఓడ. అగ్గిపెట్టెలు పేర్చినట్టు ఒక్కో అంతస్తు నిండా గళ్లు. ఒక్కో గడి ఒక్కో కేబిన్ అంది. వేలితో జరుపుతూ చూపిస్తుంటే, ఐదో అంతస్తులో రెండు చిన్న గళ్లకు పచ్చరంగు వేసి ఉండటం నా కంటపడింది. అవి పక్కపక్కన కూడా లేవు. ఒకటి ఈ వసారాలో ఉంటే రెండోది ఆ వసారాలో.

ఆ రెండూ ఏమిటని అడిగాను. సింగిల్ కేబిన్లని, మాకు చెరొకటి తీసుకుందామని, ఎవరి గదిలో వాళ్లు హాయిగా ఉండొచ్చని చెప్పింది. చెప్పేటప్పుడు నా వైపు చూడలేదు. డ్యూటీకి పోయే ముందు అన్నం తింటున్న మా ఆయన కూడా తలెత్తలేదు. ఆయనకు ఇష్టం లేని కూర వండిన రోజు తప్ప అంత దీక్షగా తినగా నేను చూడలేదు.

మా సంగతి కొంచెం చెప్పాలి. పెళ్లై కరీంనగర్ వైపు నుంచి సూరత్ వచ్చినప్పటి నుంచి ఆయనది రాత్రి పాళీ. ఖటోదరాలో ఒక సేట్ దగ్గర సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపేవాడు. నాది పగటి పని, చీరలకు మెరుపురాళ్లు అంటించే కార్ఖానాలో. ఉన్నది ఒకటే గది, ఒకటే మంచం. నేను లేచి పోయే వేళకు ఆయన వచ్చి పడుకునేవాడు. దీపావళి సెలవులకు ఊరికి పోతే మగవాళ్లు వాకిట్లో, ఆడవాళ్లు లోపల. మూడేళ్ల కింద సేట్ సాంచెలను తుక్కు కింద అమ్మేశాడు. ఆ తర్వాత ఆయన ఒక బట్టల మార్కెట్‌కు వాచ్‌మన్ అయ్యాడు. అదీ రాత్రి పనే. అంటే ఇన్నేళ్ల కాపురంలో ఒక రాత్రి మొదలు నుంచి చివరిదాకా ఇద్దరం ఒక గదిలో పడుకున్నది లేదు. ఈ నెలాఖరుకు ఆయన ఆ పని కూడా మానేస్తున్నాడు. ఆ సంతోషానికే అమ్మాయి ఈ ప్రయాణం పెట్టింది. ఓడలో రెండు గదులైతే, తిరిగొచ్చాక ఈ ఒక్క గదిలో ఏం చేస్తాం? నాకు మొదట తట్టిన ప్రశ్న అదే.

ఏదైనా అర్థం కాకపోతే నేను లైబ్రరీకి పోతాను. నేను బడిలో చదివింది ఏడో తరగతి వరకే. మిగతాదంతా మా మున్సిపాలిటీ లైబ్రరీలో చదివాను. అక్కడ తెలుగు పుస్తకాలు ఒక్క బీరువాకే సరి. అవన్నీ రెండేసి సార్లు అయిపోయాక గుజరాతీ నేర్చుకున్నాను. హిందీ వచ్చినవాళ్లకు అదేమంత కష్టం కాదు, అక్షరాల నెత్తిమీద గీత తీసేసిన హిందీలా ఉంటుంది. ఆ ఆదివారం ఓడల మీద ఉన్న రెండు పుస్తకాలూ దించుకుని కూర్చున్నాను. సూరత్ ఒకప్పుడు ఎంత పెద్ద రేవో, తాపీ నది ముఖంలోకి రాలేని పెద్ద ఓడలు బయటే లంగరు వేసుకుంటే సరుకు చిన్న పడవల్లో ఎలా వచ్చేదో అందులో ఉంది. పాత ఓడల్లో నావికులు ఒకే పడకను పాళీల మీద వాడుకునేవారని కూడా ఉంది. అది చదివి నవ్వుకున్నాను. మా గది ఓడ కాకపోయినా పద్ధతి అదే.

కేబిన్ల సంగతి చివర్లో దొరికింది. మామూలుగా ఓడ గదులన్నీ ఇద్దరికని లెక్కగట్టి కడతారట. ఒంటరి మనిషి ఎక్కితే ఖాళీ మంచానికి కూడా డబ్బు తనే కట్టాలి. ఈ మధ్య కొన్ని ఓడల్లో మాత్రం ఒక్కరికే అని చిన్న గదులు పెడుతున్నారు, ఎవరూ తోడు లేనివాళ్ల కోసం. తోడు లేనివాళ్ల కోసం అన్న మాట దగ్గర నా వేలు ఆగిపోయింది. తోడు ఉండగా అవి అడిగేది ఎవరు, ఎందుకు?

అప్పటి నుంచి నా అనుమానానికి హద్దు లేకుండా పోయింది. అమ్మాయికి ఆఫీసులో ఆ గదులు అంటగట్టమని చెప్పారేమో అనుకున్నాను. కాదు, డబుల్ కంటే అవే దొరకడం కష్టమట. ఆయనకేదైనా జబ్బు ఉందేమో అని ఆరోగ్యం పుస్తకం తిరగేశాను. దగ్గు లేదు, ఆయాసం లేదు. నేను పడుకునే ముందు దీపం వేసుకుని చదువుతానని అమ్మాయి చెప్పి ఉంటుంది, అది ఆయనకు గిట్టదేమో. లేక ఇన్నేళ్లుగా నేను లేని గదికే అలవాటు పడ్డాడేమో. ఈ ఆలోచన వచ్చిన రోజు అంటించిన రాళ్లన్నీ వంకరపోయాయి.

ఒక సాయంత్రం తండ్రీకూతుళ్లు గుమ్మం దగ్గర గుజరాతీలో మెల్లగా మాట్లాడుకున్నారు. నేను రోజూ గుజరాతీ పేపరు చదువుతానని వాళ్లకు గుర్తు రాలేదు. అమ్మకు ఇప్పుడే చెప్పొద్దు, అన్నాడు ఆయన. నేను పప్పు కలుపుతూనే ఉన్నాను. తర్వాత అమ్మాయిని పట్టుకుని నిలదీస్తే మూడు భాషల్లో తప్పించుకుంది.

"టెన్షన్ మత్ లే అమ్మా, సింగిల్ల మస్తుంటది. బాపునే పూఛో నా."

ఆయన్ను అడిగితే, నీకు చదువుకోవడానికి జాగా ఉంటుంది కదా అన్నాడు. ఎప్పుడూ అంతే. ఆదివారం మధ్యాహ్నం వంట కాగానే, పో, నీ పుస్తకాలు ఎదురుచూస్తున్నయి అని నా చెప్పులు కూడా గుమ్మంలోకి జరిపి పెట్టేవాడు. చదువుకునే భార్య అంటే ఆయనకు అంత మురిపెమని పక్కింటివాళ్లకు చెప్పుకునేదాన్ని. ఇప్పుడు ఆ చెప్పులు జరపడం మీద కూడా నాకు అనుమానం వచ్చింది.

ఒక బుధవారం కార్ఖానాలో కరెంటు పోయింది. ఇక రాదని మధ్యాహ్నమే ఇళ్లకు పంపారు. మెట్లెక్కి మా వసారాలోకి వచ్చేసరికి మా గదిలోంచి ఆయన గొంతు వినిపించింది. ఎవరితోనో గట్టిగా మాట్లాడుతున్నాడు. ఆగు అంటున్నాడు, ఇటు రా అంటున్నాడు. తలుపు లోపల గడియ వేసి ఉంది. వసారా వైపు కిటికీ రెక్క ఓరగా ఉంటే కన్ను ఆనించి చూశాను.

గదిలో ఆయన తప్ప ఎవరూ లేరు. మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు, కళ్లు మూసుకునే. మొహమంతా చెమట. కుడిచెయ్యి గాలిలో ఉంది, బొటనవేలు చూపుడువేలి మీద చకచకా రాసుకుంటోంది. ఆ కదలిక ఏమిటో మా నేతపనివాళ్లకు ఎవరికైనా తెలుస్తుంది. తెగిన పోగుకు ముడి వేసేది అలాగే. ఇంకో చెయ్యి ఎవరినో నెట్టుతున్నట్టు గోడకేసి కొట్టుకుంటోంది.

"పోగు తెగింది. చూస్తలేవా? ముడెయ్యి, జల్దీ ముడెయ్యి."

పక్కన సాంచెలు మోగుతుంటే వినపడాలని అరిచే గొంతు అది. నేను వాటి చప్పుడులో ఆయనకు అన్నం డబ్బా ఇచ్చిన రోజుల్లో విన్నదే. కిటికీలోంచే, ఎందుకన్నానో తెలియదు, "ముడేసిన" అన్నాను.

చెయ్యి కిందికి దిగింది. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

నేను లోపలికి పోలేదు. తిన్నగా మెట్లు దిగి బస్సెక్కి వరాఛాలో అమ్మాయి ఆఫీసుకు పోయాను. బల్లకు అటు ఆమె, ఇటు నేను, టిక్కెట్టు కొనడానికి వచ్చినదానిలా. ఆమె నా మొహం చూసి ఇక దాచలేదు. సాంచెలు తుక్కుకు పోయినప్పటి నుంచి ఇలా మొదలైందట. అప్పుడు ఆమెకు పొద్దుటిపూట కాలేజీ, మధ్యాహ్నాలు ఇంట్లోనే ఉండేది. ఒకసారి లేపబోతే ఆయన చెయ్యి విసురుగా వచ్చి ఆమె పెదవి చిట్లింది. తలుపు తగిలిందని నాకు చెప్పిన దెబ్బ అదే. మెలకువ వచ్చాక బిడ్డ నోట్లో రక్తం చూసి ఆయన ఆ రోజంతా అన్నం ముట్టలేదట.

"బాపుకు నీ భయమే అమ్మా. నిద్రల నిన్ను కొడ్తనేమో అని. అందుకే సింగిల్ చెయ్యమన్నడు. ఓడ తర్వాత గూడ మార్కెట్ వరండాలనే పండుకుంట అంటున్నడు."

అంటే ఓడ దిగాక కూడా అంతే అన్నమాట. నేను తేలికపడ్డానా, కోపం తెచ్చుకున్నానా అంటే చెప్పలేను. పెదవి చిట్లిన సంగతి మూడేళ్లు ఇద్దరూ దాచారు. ఊళ్లో ఏ రేవుకు ఏ ఓడ వచ్చిందో చదివి తెలుసుకున్నదాన్ని, నా మంచం మీద ఏం జరుగుతోందో తెలుసుకోలేదు. డబుల్ గదిలో మంచాలు విడదీసి ఉంటాయా అని అడిగాను. విడదీస్తారంది. పటం తీసి కింది అంతస్తులో ఒక గడి చూపించింది. కిటికీ లేదు, అడుగున ఇంజను చప్పుడు ఉంటుంది, ఎవరూ అడగరు అంది. ఎవరూ అడగనిది మాకెందుకు చూపిస్తున్నావని అడిగాను. చప్పుడుంటే బాపుకు నిద్ర పడుతుందని తన నమ్మకమట. వాచ్‌మన్ పనిలో చేరిన కొత్తలో ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉందని ఫ్యాను పెద్దగా పెట్టుకునేవాడట. నేను అప్పటికప్పుడు ఒప్పుకోలేదు.

ఆ సాయంత్రం ఆయన ఖాకీ చొక్కా వేసుకుంటుంటే ఎదురుగా నిలబడ్డాను.

"మధ్యానం పూట ఎవలతోని మాట్లాడ్తవయ్యా, గంత జోరుగ?"

గుండీ పెట్టుకునే చెయ్యి ఆగింది. "ఎవలు చెప్పిండ్రు?"

"ఎవలు చెప్తరు. కిటికీల నుంచి నేనే ఇన్న. పోగు తెగిందన్నవ్. ముడేసిన అన్న. ఊకున్నవ్."

ఆయన మంచం అంచున కూర్చున్నాడు.

"అది నువ్వా? పక్క సాంచె మీది నా జోడీవాడనుకున్న. వాడు గంత తొందరగ ఎన్నడు ముడెయ్యలే."

మరి చెయ్యి తగిలితే అని అడిగాడు, నా మొహం చూడకుండా. మంచాలు దూరంగా వేయించుకుందాం, ఇంట్లో కూడా రెండో మంచం కొందాం, మార్కెట్ వరండా మాట మాత్రం ఎత్తొద్దు అన్నాను. గదిలో రెండో మంచం పడితే నీ పుస్తకాలు ఎక్కడ పెడతావన్నాడు. మంచం కిందన్నాను. ఆయన లేచి చొక్కా సర్దుకుని, సరే, ఒక్కటే గది చెయ్యమను అని బయటికి నడిచాడు. ఆదివారం నా చెప్పులు జరిపింది నన్ను దూరం పెట్టడానికా, చదువుకోనివ్వడానికా అని అడగాలనుకున్నాను. అడగలేదు. రెండూ అయి ఉంటుంది.

అమ్మాయికి ఫోన్ చేశాను. కింది అంతస్తు, డబుల్, ఇంజను మీద. మంచాలు నేలకు బిగించి ఉంటాయేమో కనుక్కోమన్నాను. ఫొటోలో జరిగేవిలాగే ఉన్నాయంది. ఫొటోలను నేను నమ్మను, ఓడవాళ్లనే అడగమన్నాను. ఐదో అంతస్తులో పచ్చగళ్లు రెండూ పోయి కింది అంతస్తులో ఒకటే పచ్చగా ఉన్న పటం కాసేపటికి పంపింది.

అది చూస్తూ కూర్చుంటే ఒక సంగతి తట్టింది. నిద్రలో ఉన్న మనిషికి, నేను ఎంత తొందరగా జవాబిచ్చానో ఎలా తెలిసింది? నా గొంతు విని మెలకువ వచ్చి, నేను కిటికీ దగ్గర ఉన్నానని తెలిసే గోడవైపు తిరిగాడా? అడిగితే నిజం చెప్పే మనిషి కాదు. ఓడలో నేను మేలుకుని ఉండి ఆ నిద్ర సంగతి చూస్తాను.